గుడారంలో రైస్ కుక్కర్

జూడీకి ఎవరినీ కాదనడం చేతకాదు. ఫిరంగిపురంలో ఉన్నప్పుడూ అంతే. చుట్టాలింటికి వెళితే, కడుపు నిండినా రెండోసారి వడ్డించేవాళ్ళని వద్దనలేక తినేసి, ఇంటికొచ్చి కక్కుకునేది. పెద్దల మాటకు ఎదురు చెప్పని పిల్ల అని ఊరంతా మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి, వాళ్ళదేం పోయింది! ఆ మెప్పంతా మూట గట్టుకుని అడిలైడ్ దాకా వచ్చింది, అక్కడి మాసన్ లేక్స్ క్యాంపస్‌లో మాస్టర్స్ చదవడానికి.

ఇక్కడ స్టాటిస్టిక్స్ దగ్గర బోల్తా పడింది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. ఈసారి కూడా పోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తామని యూనివర్సిటీవాళ్ళు తేల్చి చెప్పారు. పేరు పోతే వీసా పోతుంది, వీసా పోతే పెట్టె సర్దుకోవడమే. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, రూమ్మేట్లకీ చెప్పలేదు. ఆదివారం చర్చిలో కనబడినప్పుడల్లా చదువు గురించి అడిగే శౌరయ్య అంకుల్‌కీ అమృతం ఆంటీకీ అయితే, అంతా బావుందనే చెప్పుకుంటూ వచ్చింది.

ఆ దంపతులది గుంటూరు. ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పిల్ల చిక్కి సగమైందని, కళ్ళకింద నల్లచారలొచ్చాయని ఆంటీ బెంగపెట్టుకుంది. రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళదామని, ఊరికి దూరంగా గొర్రెల పొలాల మధ్య ఒక గుడారం బుక్ చేయించింది. దీన్ని గ్లాంపింగ్ అంటారట. పేరుకు గుడారమే గానీ లోపల పరుపు మంచం, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, వైఫై అన్నీ ఉంటాయి. వంట మాత్రం ఎవరిది వాళ్ళే చేసుకోవాలి.

శనివారం పరీక్ష ఉందని జూడీ నసిగింది. ఆ ఏడాది పరీక్షలన్నీ ఆన్‌లైన్‌లోనే. పెద్ద పరీక్షా అని అంకుల్ అడిగాడు. నోరు తెరవాల్సింది సరిగ్గా అక్కడ. "లేదంకుల్, చిన్న క్విజ్ అంతే" అంది ఈ మహాతల్లి. అయితే అక్కడే హాయిగా రాసుకోవచ్చు గదా అని ఆయన కారు తీశాడు.

శుక్రవారం సాయంత్రం చేరగానే ఆంటీ డిక్కీలోంచి సగం వంటిల్లు దింపింది. రైస్ కుక్కర్, మిక్సీ, గోంగూర, పప్పు, ఊరగాయ సీసాలు. గుడారం గుంజకి ఒక అట్ట వేలాడుతోంది. ఇక్కడ కరెంటంతా సోలార్ బ్యాటరీది, కుక్కర్లూ హీటర్లూ పెట్టొద్దు, పెడితే మొత్తం ఆగిపోతుంది, ఓనరు వచ్చి బాగుచేసేదాకా రాదు అని అందులో ఉంది. అంకుల్, ఆంటీ దానివంక చూడనైనా చూడలేదు. జూడీ చదివింది. ఆంటీ పాట పాడుకుంటూ కుక్కర్‌ని బల్లమీద పెట్టి ముచ్చటగా తుడుస్తోంది. అంత ఆనందంగా ఉన్న మనిషికి అది తీసేయమని ఎలా చెప్పడం? వాడినప్పుడు చూద్దాంలే అనుకుంది. ఆ రాత్రికి ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిని పడుకున్నారు.

తెల్లారాక అంకుల్ పెరుగు కోసం కారేసుకుని టౌనుకి వెళ్ళాడు. జూడీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆంటీ వచ్చి జూడీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పరీక్ష మొదలైంది. అదృష్టం కొద్దీ మొదటి ప్రశ్నలు తనకు వచ్చినవే. ఈసారి గట్టెక్కుతానేమో అని మొదటిసారి అనిపించింది.

అప్పుడు బియ్యం కడిగిన చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే ఆంటీ చేతిలో కుక్కర్ వైరు, కళ్ళు ప్లగ్గు కోసం వెతుకుతున్నాయి.

"ఆంటీ..."

"ఏంటమ్మా?"

తనకోసం వండుతున్న మనిషిని ఆపడానికి నోరు పెగల్లేదు. ఏం కాదేమో, అట్టమీద ఊరికే భయపెట్టడానికి రాశారేమో.

"ఏం లేదాంటీ."

కాసేపటికి ఫ్రిజ్ రొద ఆగిపోయింది. వైఫై దీపం ఆరింది. ల్యాప్‌టాప్ తెరమీద చక్రం ఒకటి తిరుగుతూ ఉండిపోయింది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. నిన్న వచ్చేటప్పుడు కొండమీద గేటు దగ్గర ఒక్క గీత కనబడిన గుర్తు. ల్యాప్‌టాప్‌నీ ఫోన్‌నీ గుండెలకి హత్తుకుని పరిగెత్తింది. వెనకనుంచి ఆంటీ కేకేస్తున్నా ఆగలేదు. ముళ్ళు గీరుకున్నాయి, చెప్పు ఒకటి జారిపోయింది, గొర్రెలు చెదిరిపోయాయి. ప్రభువా, ఈ ఒక్కసారి, ఈ ఒక్కసారి అని పైకే అంటూ ఎక్కింది. గేటు దగ్గర సిగ్నల్ దొరికితే ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపింది. ఒక ప్రశ్న తెరుచుకుంటే ఇంకోటి తెరుచుకోదు. గాలి వీస్తే గీత పోతుంది. నిలబడి రాసింది, మోకాళ్ళమీద కూర్చుని రాసింది, ఫోన్‌ని గేటు మీదికి ఎత్తిపట్టుకుని రాసింది. సగానికి పైగా ఖాళీలుండగానే గడువు ముగిసిందని తెరమీద పడింది.

నేలమీద కూలబడి ఏడ్చింది, చిన్నపిల్లలా, పెద్దగా.

చాలాసేపటికి ఆంటీ ఆయాసపడుతూ వచ్చింది. ఒక చేతిలో జూడీ చెప్పు, ఇంకో చేతిలో స్టీలు బాక్సు. కరెంటు పోతే పోయింది, అన్నం గ్యాస్ మీద వండేశానంది. చిన్న క్విజ్ పోయినందుకే ఇంత ఏడుపా, ఇంకోటి రాసుకోవచ్చంటూ పక్కన కూర్చుని మూత తీసింది. గోంగూర పప్పు కలిపిన అన్నం, ఇంకా పొగలొస్తున్నాయి.

"చిన్నది కాదాంటీ" అంది జూడీ. "ఆఖరిది. పోయింది. ఇంక నన్ను ఉండనివ్వరు."

ఆంటీకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"కుక్కర్ పెట్టొద్దని అక్కడ రాసుందాంటీ. నేను నిన్ననే చదివాను."

"నేను ప్లగ్గు పెడుతుంటే నువ్వు చూశావు గదమ్మా."

"చూశాను."

"మరి నన్నెందుకు ఆపలేదే తల్లీ? ఒక్క పూట అన్నం తినకపోతే చచ్చిపోతామా?"

ఆంటీ తాను వండిన అన్నం వంక చూడలేక బాక్సు మూత పెట్టబోయింది.

జూడీకి ఆకలి లేదు.

"ఉంచండాంటీ" అంటూ చెయ్యి చాచింది. "తింటాను."