అఫిడవిట్‌కి అడ్డం పడ్డ నాన్న

అఫిడవిట్ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నర్సు ట్రైనింగ్‌లో మా ద్వీపాల్లో పుట్టినవాళ్ళకి కొన్ని సీట్లు విడిగా ఉండేవి. నేను పుట్టింది హోప్ టౌన్‌లో, మేం అప్పుడున్న చెక్క ఇంట్లోనే. ఆ సంగతి ఎవరూ ఎక్కడా రాయించలేదు. అందుకని నేను ఇక్కడే పుట్టానని అఫిడవిట్ తెమ్మన్నారు ఆఫీసులో. అమ్మ ఇస్తుందంటే గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. తండ్రి ఉండగా తల్లిది చెల్లదట. ఆ వారంలోగా ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

మా నాన్న ద్వీపాల మధ్య తిరిగే ఓడలో, మా వాడుకలో జహాజ్‌లో, ఖలాసీ. ఒడ్డున ఉన్న ఆదివారాల్లో మాత్రం మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. ఒట్టు పెట్టుకోవడం దేవుని వాక్యానికి విరుద్ధమని ఆయన పట్టుదల. మా ఇంట్లో అమ్మతోడు అనడం కూడా తప్పే. అఫిడవిట్ అంటే ఒట్టు వేసి సంతకం పెట్టే కాగితమని కోర్టు దగ్గర టైపు కొట్టేవాడు చెప్పాడో లేదో, ఆయన బెంచీ మీంచి లేచిపోయాడు.

“నా నోటి మాట సాలదా ఆళ్ళకి? మళ్ళీ ఒట్టేటికి?”

ఆ గుమాస్తా ఏటా క్రిస్మస్‌కి మా ఇంట్లో భోంచేసేవాడే. నాన్న అబద్ధమాడడని అతనికీ తెలుసు. అయినా కాగితం కావాలి. ఇటు ఈయన చూస్తే బండరాయి. మధ్యలో నలిగేది నేను.

నేనూ మొండిదాన్నే. లైబ్రరీకి వెళ్ళి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు దించాను. అఫిడవిట్ అనేది పుట్టుకతో ఇంగ్లీషు మాటే కాదట. పాత లాటిన్ లోంచి ఇంగ్లండు కోర్టుల్లోకి వచ్చి అక్కడే స్థిరపడిపోయింది. ‘తన విశ్వాసాన్ని పూచీ పెట్టాడు’ అని దానర్థం. విశ్వాసం! నాన్నకి ఇంతకంటే ఏం కావాలి? గాల్లో తేలుతూ డైరీ ఫార్మ్ అనే పేటలో ఉన్న మా ఇంటికొచ్చి చెప్పాను.

ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. విశ్వాసం దేవుడి మీద ఉంచేదనీ, దాన్ని తీసుకెళ్ళి స్టాంపు కాగితానికి తాకట్టు పెట్టడమేమిటనీ అన్నాడు. నాకు చేతిలో గరిటె విసిరికొట్టాలనిపించింది.

మర్నాడు కోర్టు బయట కూర్చునే ఒక ముసలి వకీలు చెప్పింది వింటే ప్రాణం లేచొచ్చింది. ఒట్టు పెట్టుకోబోమని మొండికేసిన క్రైస్తవులు ఇంగ్లండులో పూర్వమే ఉన్నారట. అందుకు జైళ్ళకి కూడా వెళ్ళారట. చివరికి చట్టమే దిగొచ్చి, ఒట్టు బదులు ‘నిజమని గట్టిగా చెబుతున్నాను’ అంటే చాలంది. ఇక్కడా అది చెల్లుతుందన్నాడు. అలాగే టైపు చేయించి, నాన్ననీ అమ్మనీ వెంటబెట్టుకు వెళ్ళాను. నాన్న ప్రతి ముక్కా తెలుగులో చెప్పమన్నాడు. నేను హోప్ టౌన్‌లో పుట్టినట్టు తనకి స్వయంగా తెలుసు అనే చోట కలం కింద పెట్టేశాడు.

“నానప్పుడు జహాజ్‌లో ఉన్నాను. సూడనిది సూసినానని ఎలాగ సెప్తాను?”

నాకు ఏడుపొచ్చేసింది. నీ నీతి కోసం నా బతుకు బుగ్గి చేస్తావా అని వకీలు ముందే అరిచాను. హోప్ టౌన్‌లో అందరికీ తెలిసిన సంగతి కన్నతండ్రికి తెలీదట!

అమ్మ బెంచీ చివర్నించి ముందుకు జరిగింది.

“కన్నదాన్ని నానున్నాను గదా,” అంది నాన్నతో. “నువ్వు జహాజ్ దిగిన్నాడే సెప్పినాను. అబద్ధం సెప్పినానా?”

నాన్న ఆమె వైపు చూశాడు. తర్వాత వకీలుతో హిందీలో, ఈ సంగతి భార్య చెప్పగా విన్నాననీ, ఆమె మాట నమ్ముతున్నాననీ రాస్తే సంతకం చేస్తానన్నాడు. అలా రాయడం కోర్టులో రోజూ ఉన్నదేనని వకీలు నవ్వాడు. ఆ ముక్క వకీలుకే ముందు తోచి ఉంటే నేను గొంతు అంత చించుకోవాల్సిన పని లేకపోయేది. నాన్న సంతకం పెట్టాడు. ఆ కాగితంతోనే తర్వాత నాకు సీటు వచ్చింది.

ఆ కాగితం ఇవ్వడానికి వెళ్తుంటే అమ్మ నన్ను ఆఫీసు మెట్ల మీద ఆపింది. ఆమెకి ఇంగ్లీషు రాదు. నాన్న తన మాట నమ్ముతున్నానని రాయించిన ముక్క ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి, ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఆయన నోట ఒక్కసారీ వినలేదంది.