టమాటాల కింద గంగవాయిలి

పొద్దున్నే పెరటి తలుపు తీసేది మా తోడికోడలు. ఆ గడియ చప్పుడు వినపడగానే నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఇప్పుడు గడియా నేనే తీస్తున్నాను, పొయ్యీ నేనే వెలిగిస్తున్నాను.

ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. ఇంటికి రాగానే మంచినీళ్ళయినా తాగకుండా పెరట్లోకి వెళ్ళేది. గోడ పక్కన కాస్త నేల. అందులో టమాటా, మిరప, వాటి కింద మట్టి కనపడకుండా పరుచుకున్న గంగవాయిలి కూర. మండుటెండలో కూడా ఆ ఆకులు పక్కకు జరిపితే మట్టి చల్లగా తగిలేది.

"టమాటాలకి దుప్పటి కప్పానే. దీన్ని ఉతకక్కర్లేదు" అనేది.

కూరకు సరిపడా కొసలు తుంచి, రెండు ముక్కలు అక్కడే పడేసేది. "కాస్త తడి తగిలితే చాలు, తుంచిన ముక్కే వేరు పట్టేస్తుంది. మహా మొండిది."

బావగారికి మాత్రం అది కలుపు. కంచంలో చూడగానే, "నాకు గడ్డి పెడుతున్నావా?" అనేవారు.

"పెడితే మాత్రం? పాలిచ్చే రకమా మీరు?"

నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తేదాన్ని.

బట్టల సోడాకు పగిలిపోయిన అక్క చేతుల్ని "ఏదీ, చూపించు" అన్న పాపాన పోలేదు ఆ మనిషి. ఆమె పోయి నెల తిరక్కుండానే పార మాత్రం పట్టుకున్నారు. టమాటా, మిరప వదిలేసి కింద ఉన్నదంతా చెక్కి, ముక్కలు ముక్కలు చేసి పడేశారు.

"అది అక్క పెంచింది బావగారూ."

"కలుపుని ఎవరైనా పెంచుతారామ్మా? ఇప్పుడు చూడు, పెరడు ఎంత శుభ్రంగా ఉందో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురు చెప్పే అలవాటు లేక, లోపలికి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

మధ్యాహ్నానికి ఎండ నేరుగా మట్టి మీద పడి టమాటాలు తలలు వేలాడేశాయి. ఆయనే కంగారుపడి, మొక్కల మీదా, చెక్కిన ముక్కల మీదా బకెట్లకు బకెట్లు నీళ్ళు కుమ్మరించారు. బయటికి వెళ్తూ, "ఆ చెత్తంతా ఊడ్చి అవతల పారెయ్యమ్మా" అన్నారు.

చీపురు పట్టుకుని గడపలో నిలబడ్డాను. తడి మట్టిలో ఎక్కడ చూసినా ఆకుపచ్చ ముక్కలే. అక్క ఏ రోజూ అన్ని నాటలేదు.

సాయంత్రం వచ్చి పెరట్లోకి తొంగిచూశారు.

"ఇంకా ఊడవలేదేమ్మా?"

"లేదండీ."

"మరి రేపు?"

చీపురు తలుపు వెనక పెట్టి, పెరటి గడియ వేసి, పొయ్యి వెలిగించుకున్నాను.