మూడు సిలిండర్ల మీద నా కన్ను

కొత్త కారును ఒక్క పూటలో పొగగొట్టంగా మార్చడం ఎట్లాగో తెలుసుకోవాలని ఉన్నవాళ్లు కాస్త దగ్గరికి జరగండి. పని సులువే. కావలసినవల్లా స్నేహితుడి కారు, సగం చదివిన పుస్తకం, నిండుగా మండే కడుపు. ఇవన్నీ నా దగ్గర పుష్కలంగా ఉన్న రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, జనగామలో నేనీ ఘనకార్యం చేశాను. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు. తెలియని వయసు అని తప్పించుకునే దారి కూడా లేదు.

హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని. అది జీతం కోసం. అసలు వృత్తి వాదించడం. దిష్టి మీద, శకునాల మీద, ముహూర్తాల మీద నిప్పులు కురిపిస్తూ వ్యాసాలు రాసేవాణ్ని. పెళ్లికి పిలిస్తే భోజనాల దగ్గర ముహూర్తబలం గురించి ఉపన్యసించేవాణ్ని గనుక చాలామంది పెళ్లిళ్లకు పిలవడం మానేశారు.

రాజలింగం నా చదువుకున్ననాటి స్నేహితుడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఇద్దరం కలిసి కాలేజీ బంద్ చేయించాం. నేను బల్లెక్కి గంటసేపు మాట్లాడితే వాడు నా కింద బల్ల కదలకుండా పట్టుకున్నాడు. మా స్నేహంలో ఆ ఏర్పాటు జీవితాంతం అట్లాగే సాగాలని నా కోరిక. వాడేమో ఎరువుల దుకాణం పెట్టాడు. దేశమంతా నోరు తెరుచుకుని చూస్తున్న కొత్త చిన్న కారుకు పేరు రాయించుకున్నాడు. లాటరీలో వాడి పేరు వచ్చింది! కడిగిన కోడిగుడ్డు లాంటి తెల్లటి కారు వాడి వాకిట్లో నిలబడింది.

నాకున్నది ఒక స్కూటరు. ఎడమ పక్కకు వంచి, అయిదు లెక్కపెట్టి, లేపి తన్నితే గానీ పలికేది కాదు. నేను దాన్ని వంచినప్పుడల్లా మా గల్లీవాళ్లు నాకంటే ముందే లెక్క మొదలుపెట్టేవాళ్లు.

ఇంట్లో నా భార్య ఒక్కో సంగతే మోసుకొచ్చేది.

"రాజన్నోళ్ల కారుల అద్దాలు తిప్పితే కిందికి దిగుతయట."

"అన్ని కార్లకూ దిగుతయి."

"మన స్కూటరుకు దిగవు గద."

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. లోపల మాత్రం ఏదో మాడిన వాసన. దానికి అసూయ అని పేరు పెడితే నా స్థాయికి తగదు గనుక శాస్త్రీయ ఆసక్తి అని పెట్టుకున్నాను. కారుతో వచ్చిన పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. మూడు రోజులు చదివాను, లెక్కలున్న పేజీలు మాత్రమే. వెనకాల 'సంరక్షణ' అని ఏవో పేజీలున్నాయి. వాటి జోలికి పోలేదు. ఎదుటివాడి నోరు మూయించేంత చదివితే చాలునన్నది మా వాదించేవాళ్ల అలవాటు. ఇంజనుకు ఎట్లాగూ నోరు లేదు కదా.

తర్వాత వాడి దుకాణానికి పోయి కూర్చున్నాను.

"నీ కారుకు సిలిండర్లు ఎన్నిరా?"

"నాలుగుంటయి. చక్రాలు నాలుగు గద!"

"మూడు!"

వాడి ముఖం వాడిపోయింది. "అయ్యో, ఒకటి తక్కువిచ్చిండ్రా?"

ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మూడు సిలిండర్లు, ఏడు వందల తొంభై ఆరు సీసీ, నీటితో చల్లబడే పెట్రోలు ఇంజను, కంప్రెషన్ నిష్పత్తి ఎనిమిది పాయింట్ ఏడు, అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అర్థం తెలియకుండా శ్లోకాలు వల్లించేవాళ్ల మీద అప్పటికే రెండు వ్యాసాలు రాసిన మనిషిని నేను!

"అరే, నాకు తాళం తిప్పుడొక్కటే ఎరుక," అన్నాడు వాడు అమాయకంగా. "తిప్పుతే నడుస్తది."

ఆ మాట మరింత మంట పెట్టింది. ఏమీ తెలియనివాడికి కారు. అన్నీ తెలిసినవాడికి ఎడమకు వంచే స్కూటరు.

ఒక ఆదివారం రాజలింగం వాళ్లు మొగుళ్లపల్లిలో ఉన్న చిన్నమ్మ ఇంటికి కారులో బయలుదేరుదామనుకున్నారు. వాళ్లమ్మ లచ్చవ్వ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలంది, గుమ్మడికాయ కొట్టాలంది. నేను అడ్డం పడ్డాను.

"అవ్వా, ఇంజను పెట్రోలుతోని నడుస్తది. నిమ్మకాయతోని కాదు."

"చారు గూడ నీళ్లతోనే మరుగుతది బిడ్డా. మరి చింతపండు ఎందుకేస్తం?"

గంటన్నర వాదన జరిగింది. చివరికి రాజలింగం "ఈ ఒక్కసారి సారు మాట ఇందాం అవ్వా" అని బతిమాలితే ముసలామె నిమ్మకాయలు కొంగున కట్టుకుంది. గెలుపు గుర్తుగా నన్ను కూడా కారులో రమ్మన్నారు. రమ్మనకపోయినా పోయేవాణ్నే.

ఆ పొద్దున వాడు పెట్రోలు పోయించుకొచ్చి, ముందు చక్రాలు మోరీ కాలువ మీది ఎత్తు బండకు ఎక్కించి కారు ఆపాడు. అంగీ మార్చుకోవడానికి లోపలికి పోయాడు. నేనూ ఆ కారూ ఒంటరిగా మిగిలాం. బానెట్ లేపాను. నూనె కొలిచే సన్నటి కడ్డీ బయటికి లాగాను. దాని చివర రెండు గీతలున్నాయి. నూనె తడి కింది గీతకు కూడా అందలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు సంతోషం వేసింది. వీడికి కారు ఉంది, దాన్ని చూసుకునే తెలివి లేదు! వెనక సీటు కింద, వాడు ముందుజాగ్రత్తగా కొని పెట్టుకున్న మూడు లీటర్ల ఇంజన్ ఆయిల్ డబ్బా ఉంది. మూత తీసి వంచాను. ఆ ఇంజను దాహంతో ఉన్న దున్నపోతులా గడగడా తాగింది. అది తాగుతూనే ఉంది గనుక నేను పోస్తూనే ఉన్నాను. డబ్బా అయిపోయింది.

ఇప్పుడు ఆ వెనక పేజీల్లో ఏముందో వినండి. బండి సమంగా ఉన్నచోట నిలపాలి. ఇంజను ఆపి కాసేపు ఆగాలి, పైకి పోయిన నూనె కిందికి దిగేదాకా. కడ్డీని తుడిచి మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య తేడా ఒక్క లీటరే. నేను ఎగువకు నిలబడ్డ బండిలో, అప్పుడే ఆగిన ఇంజనులో, ఒక్కసారి చూసి, మూడు లీటర్లు పోశాను.

రాజలింగానికి చెప్పలేదు. హన్మకొండలో చాయ్ తాగేటప్పుడు తీరుబడిగా చెప్పాలని నా ఆలోచన: "నేను లేకపోతే నీ ఇంజను పొద్దున్నే పోయేదిరా." వాడి ముఖం ఎట్లా మారుతుందో కూడా ఊహించుకున్నాను. ఖాళీ డబ్బా నా స్కూటరు డిక్కీలో దాచాను.

అందరం ఎక్కబోతుంటే పక్కింటి సుగుణమ్మ సంచితో బయటికి వచ్చింది. భర్త పోయిన మనిషి. దవాఖానాలో ఆయాగా పనిచేసుకుంటూ బతుకుతోంది. వరంగల్ బస్సుకు పోతోంది.

"జర ఆగు సుగుణా," అంది లచ్చవ్వ. "కారు పోయినంక రా."

ఆమె గడప లోపలికి జరిగింది. నాకు తల తిరిగిపోయింది. అక్కడే ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"ఎందుకాగాలె? మనిషి ఎదురొస్తే ఇంజను ఆగుతదా? సుగుణమ్మా, రా, ముందు సీట్ల కూసో. వరంగల్ల దించుతం."

"వద్దు సారూ, నేను బస్సుకు పోత. తొవ్వల ఏమన్న అయితే నన్నే అంటరు."

"ఏమయితది? ఏమన్న అయితే నేను జవాబుదారీ!"

ఆమెను దాదాపు లాక్కొచ్చినట్టే కూర్చోబెట్టాను. సంఘ సంస్కరణ పూర్తయింది. బండి కదిలింది.

రఘునాథపల్లి దాటామో లేదో, వెనక అద్దంలో రోడ్డు మాయమైంది. నీలం కలిసిన తెల్లటి పొగ. ఒక లారీ డ్రైవరు మమ్మల్ని దాటుతూ తల బయటపెట్టి అరిచాడు: "ఏందన్నా, ఇటుకబట్టిని ఎంటేసుకొని పోతున్నవా?"

ఇంజను నాలుగుసార్లు దగ్గి ప్రాణం వదిలింది. చేలల్లో పనిచేసుకునేవాళ్లు చుట్టూ చేరారు. నేను దిగి, గాలిలో తేమ గురించి ఏదో మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. అందరూ లచ్చవ్వ మాట వింటున్నారు.

"చెప్పిన! నిమ్మకాయ వద్దన్నడు, ఎదురొచ్చిన మనిషిని ముందట కూసోబెట్టిండు!"

సుగుణమ్మ కారు దిగి, సంచి పట్టుకుని పక్కకు నిలబడింది. నా వైపు చూసి, "చెప్పిన గద సారూ," అంది. కోపంగా అనలేదు. అలవాటైపోయినట్టు అంది.

రాజలింగం రఘునాథపల్లికి వెనక్కి నడిచిపోయి మోటార్లు, ట్రాక్టర్లు బాగుచేసే యాదగిరిని తీసుకొచ్చాడు. అతను కడ్డీ లాగి, ఎండకు పెట్టి చూసి, ఈల వేశాడు.

"ఇంజన్ల నూనె పోసిండ్రా, నూనెల ఇంజను నానేసిండ్రా?"

"ఎవలు పొయ్యలే," అన్నాడు రాజలింగం. "మొన్ననే షోరూముల అన్నీ సరిచూసి పంపిండ్రు."

"పొయ్యకుంట ఎట్లొస్తదే?"

"వస్తది," అంది లచ్చవ్వ. "పాడు చూపు పడితే పాలిరుగుతయి. నూనె పొంగదా? సుగుణా, ఇగ మా వాకిట్ల మొకం చూపకు. గల్లీల గూడ అందరికి చెప్త, నువ్వు ఎదురైతే ఏమైతదో."

మూసి ఉన్న ఇంజనులో నూనె దానంతట అది పొంగడం! పదేళ్లుగా నేను రాసిన వ్యాసాలన్నీ ఆ రోడ్డు పక్కన ఒకేసారి నిప్పంటుకున్నట్టు అనిపించింది. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని తలలూపుతున్నారు. నేను నోరు మూసుకుంటే ఈ మహిమ ఊరూరా పాకుతుంది, ఆ మనిషి బతికినన్నాళ్లూ గడప వెనకే నిలబడుతుంది. నోరు తెరిస్తే నేను వెధవనవుతాను. ఇంత చిన్న లెక్క తేల్చుకోవడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. మిగతా కథకు ఎంతైనా నవ్వండి, ఈ ఒక్క వాక్యం దగ్గర నవ్వకండి.

సుగుణమ్మ బస్సు కోసం రోడ్డు దాటబోయింది.

"నేనే పోసిన," అన్నాను.

యాదగిరి అడిగాడు: "ఎంత?"

"డబ్బా."

"డబ్బాల ఎంత?"

"మొత్తం."

రాజలింగం కారు వైపొకసారి, నా వైపొకసారి చూశాడు. "నాకు చెప్పకుంట?"

"హన్మకొండల చాయ్ తాగేటప్పుడు చెప్దామనుకున్న."

"ఏమని?"

"నేను లేకుంటే నీ ఇంజను పోయేదని."

"గట్లెందుకురా?"

వాదనలో ఎన్నడూ తడబడని నాలుక మడతపడింది. "నీకు కారొచ్చింది. నాకు రాలె. కండ్లు మండినయిరా."

లచ్చవ్వ నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"కండ్లు మండినయా?"

"మండినయి అవ్వా."

"ఈ కారు మీదనేనా?"

"ఈ కారు మీదనే."

ఆమె జనం వైపు తిరిగింది. "ఇన్నరా? దిష్టే లేదన్నడు. దిష్టి తగిలింది నిజమే. ఎవలిదో చెప్పుట్ల నేను తప్పిన." సుగుణమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. "తప్పు నాదే బిడ్డా. ముందట నువ్వే కూసో."

హేతువాదానికి అంతకంటే అవమానం ఉంటుందా? నేను ఊరుకోలేదు. "అది దిష్టి గాదవ్వా! ఎక్కువైన నూనె. చూపుతోని కాదు, చేతితోని అయింది!"

"చూపు పడ్డంకనే గద బిడ్డా చెయ్యి లేస్తది?"

జనం ఈలలు వేశారు. ఈ రోజుకీ దానికి జవాబు దొరకలేదు.

యాదగిరి కింది నుంచి నట్టు విప్పి అదనపు నూనె వదిలాడు. మూడు ప్లగ్గులు తీసి పెట్రోలుతో కడిగి గరుకు కాగితంతో రుద్దాడు, నూనెలో తడిసిన ఎయిర్ ఫిల్టరు తుడిచాడు. ఈలోపు లచ్చవ్వ దగ్గరి ఇంటి నుంచి గుప్పెడు ఉప్పు, నాలుగు మిరపకాయలు అడిగి తెచ్చింది. కారుకు తిప్పుతుందేమోనని చూస్తున్నాను. కారును దాటి వచ్చి నా కండ్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. నేను కదలకుండా నిలబడ్డాను. జవాబుదారీ అని మాటిచ్చాను కదా. అప్పటిదాకా తల ఎత్తని సుగుణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంజను పలికింది. సుగుణమ్మ ముందు కూర్చుంది, నేను వెనక ముసలామె పక్కన, ఒళ్లో చిన్నమ్మకని తెచ్చిన బియ్యం మూటతో.

నేనిప్పటికీ దిష్టిని నమ్మను. ఈ జ్ఞాపకాన్ని దానికి సాక్ష్యంగా ఎవరైనా వాడుకుంటే ఊరుకోను. కానీ దేవుడి మీద ఒట్టు వేసే అలవాటు లేదు గనుక, ఇన్ని తిప్పలు తెచ్చిన నా కడుపు మీదనే ఒట్టు వేసి, మీ అందరి ముందూ గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ స్నేహితుడింటికి కొత్త వస్తువు వచ్చినా, నాకు మండుతున్నదని ముందు నోటితో చెప్పేస్తాను. చెప్పి ముగించేదాకా రెండు చేతులూ జేబుల్లోనే ఉంచుకుంటాను.