పాడి ఇంట్లో పాలు మానిన బాలింత

కోలారు జిల్లాలో మాస్తికి రెండు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో లక్ష్మీదేవమ్మ ఇల్లు ఎక్కడని అడగనక్కర్లేదు. పాలమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. మొగుడు పోయిననాటికి ఆమెకు మిగిలింది ఒకే ఒక ఆవు. దాన్ని నమ్ముకునే ఆరు సీమావులను చేసింది, కొడుకు మునీంద్రను చదివించింది, పెంకుటింటిని మిద్దె చేసింది. పాలంటే ఆమెకు అమ్ముకునే సరుకు ఒక్కటే కాదు. తన బతుకు మొత్తం అందులోనే ఉందని ఆమె నమ్మకం.

బంగారుపేట నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మునిలక్ష్మి పెళ్లినాటికి ఆవు పొదుగు ముట్టి ఎరగదు. ఆమె తల్లి చిన్నవెంకటమ్మ రైల్వేస్టేషను బయట కూర్చుని పూలు కట్టి అమ్మేది. అలాంటి పిల్ల ఏడాది తిరిగేసరికి నాలుగు ఆవులను తానే పిండడం నేర్చుకుంది. "నా కోడలు చెయ్యేస్తే ఏ ఆవూ తన్నదు" అని అత్త డెయిరీ దగ్గర నలుగురికీ చెప్పుకునేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా మునిలక్ష్మికి కడుపు నిండినట్టుండేది.

ఆడపిల్ల పుట్టింది. రంజని అని పేరు పెట్టారు. బాలింతకు పాలు పడాలని లక్ష్మీదేవమ్మ పొద్దున్నే చెంబెడు పాలు కాచి ఇచ్చేది, మధ్యాహ్నం అన్నంలో గడ్డపెరుగు వేసేది, సంగటి మీద చారెడు వెన్న పెట్టేది. పిల్ల ఆత్రంగా రొమ్ము తాగేది, ఒళ్లు కూడా చేసింది. ఆరోవారంలో బుగ్గల మీద ఎర్రగా పొక్కులు లేచాయి. తాగిన కాసేపటికి కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేది. ఒకరోజు మునిలక్ష్మి గుడ్డ మార్చబోతే జిగట విరేచనంలో నెత్తుటి చారలు కనిపించాయి.

మాలూరులో ఒక డాక్టరు రెండు నిమిషాలు చూశాడు. "తల్లి పాలు పడలేదు, ఆపేయండి, డబ్బా పాలు పట్టండి" అన్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ మునీంద్ర పెళ్లాం ముఖం చూడలేదు.

నాలుగు రోజులు డబ్బా పాలు పట్టారు. పిల్లకు తగ్గలేదు. "ఇంట్లో ఇన్ని పాలు పెట్టుకోని ఆ పొడి ఏల?" అని లక్ష్మీదేవమ్మ ఆవుపాలలో నీళ్లు కలిపి పట్టడం మొదలుపెట్టింది. మునిలక్ష్మి రొమ్ములు రాళ్లలా గడ్డకట్టి జ్వరం వచ్చింది. పిల్ల ఏడుపు వినగానే రవిక తడిసిపోయేది. పశువుల కొట్టం వెనక్కి వెళ్లి ఆ పాలను మట్టిలోకి పిండేసుకునేది. ఒకసారి అత్త అటుగా వచ్చి చూసి, "గడ్డి మొలిచే చోట పిండొద్దు, ఆవులు మేసే జాగా అది" అంది. మునిలక్ష్మి గోడ పక్కకు జరిగింది.

పది రోజులకు పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. నెత్తురు ఎక్కువైంది. ఆ రోజు మునిలక్ష్మి ఆవులను పిండేసి, ఎవరినీ అడగకుండా పిల్లను ఎత్తుకుని కోలారు బస్సెక్కింది. కోలారు పక్కన తమక ఆసుపత్రిలో వినుత అనే పిల్లల డాక్టరమ్మ ఉందని ఆమె తల్లి ఫోనులో చెప్పింది.

వినుత అంతా విని, గుడ్డ చూసి, "నీ పాలు ఆపమని ఎవరు చెప్పినారమ్మా?" అని అడిగింది.

మునిలక్ష్మి చెప్పింది.

"నీ పాలల్లో ఏ దోషమూ లేదు. నువ్వు తాగే ఆవుపాలు, తినే పెరుగు, వెన్న, వాటిల్లో ఉండే ప్రోటీను కొంచెం నీ పాలల్లోకి వస్తాది. అది ఈ బిడ్డకు పడలేదని నా అనుమానం. మీరు పట్టిన డబ్బాలో ఉండేదీ ఆవుపాల పొడే. ఇంగ నేరుగా ఆవుపాలే పట్టినారు."

మునిలక్ష్మి పిల్లను ఒళ్లో సర్దుకుంది. తరువాత, "మా పక్కింటి రామక్క మేకపాలు పట్టమనింది, పట్టేదా?" అని అడిగింది.

"వద్దు. మేకపాలు, గేదెపాలు కూడా ఇంచుమించు అట్లాంటివే, అవీ పడవు. నీ పాలే పట్టాల. నువ్వు మాత్రం పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, బేకరీ సరుకు అన్నీ మానెయ్యి. ఎముకలకు మాత్రలు రాస్తాను. రాగులు, నువ్వులు, ఆకుకూరలు బాగా తిను. రెండు మూడు వారాలు చూస్తాం. తగ్గితే అప్పుడు నువ్వు కొంచెం పాలు తాగి చూద్దువు, అనుమానం తేలిపోతాది."

"నా పాలు ఇంకిపోయినాయి డాక్టరమ్మా."

"చీకిస్తా ఉంటే మళ్లా వస్తాయి. అంతవరకూ చాలకపోతే ఇట్లాంటి పిల్లల కోసమే చేసిన వేరే పొడి ఉండాది, అది పట్టు. ఎప్పుడూ దొరికే డబ్బా మాత్రం వద్దు."

మునిలక్ష్మి అటునుంచి అటే బంగారుపేట వెళ్లిపోయింది. చిన్నవెంకటమ్మ కూతురి కోసం తాను కూడా టీలో పాలు మానేసింది. పిల్లను రొమ్ముకు పెడితే మొదటి మూడు రోజులు ఒక్క చుక్క రాలేదు. పిల్ల చీకి చీకి విసిగి గోళ్లతో రక్కేది. డాక్టరమ్మ రాసిన పొడి చెంచాతో పట్టి, మళ్లీ రొమ్ముకు పెట్టేది. అయిదోరోజు పిల్ల గుటక వేసిన చప్పుడు వినబడింది. మునిలక్ష్మి తల్లిని పిలిచి ఆ చప్పుడు వినమంది. రెండు వారాలు దాటేసరికి గుడ్డలో నెత్తురు లేదు, బుగ్గలు నున్నబడ్డాయి.

అప్పుడు మునీంద్ర వచ్చాడు. "పెద్దావు ఈనింది. అమ్మకు మోకాళ్లు పట్టుకున్నాయి. పిండేవాళ్లు లేరు" అన్నాడు. పిల్ల నెత్తురు ఆగిందా అని అడగలేదు. మునిలక్ష్మి తానే చెప్పింది. తన సంగటి, సారు, అంబలి దేన్లోనూ పాలచుక్క తగలకూడదని కూడా చెప్పింది. "సరే, అమ్మతో చెప్తాను" అన్నాడు.

మునిలక్ష్మి పిల్లతో తిరిగి వచ్చింది. లక్ష్మీదేవమ్మ అంతా విని తల ఊపింది. "డాక్టరు చెప్తే ఇంగ మనమేం చెప్తాం?" అంది. జున్ను కాచి ఊరంతా పంచింది, కోడలికి పెట్టలేదు. మునిలక్ష్మి మనసు తేలికపడింది.

నాలుగోరోజు గుడ్డలో మళ్లీ ఎర్రచార కనిపించింది.

తాను తిన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. అన్నం, పప్పు, చిక్కుడుకాయ సారు, పొద్దున అత్త కలిపి ఇచ్చే రాగి అంబలి. మర్నాడు రెండు ఆవులు పిండి, మూడోదాన్ని వదిలేసి వంటింట్లోకి వచ్చింది. లక్ష్మీదేవమ్మ పులిసిన అంబలిలోకి మజ్జిగ వంపుతోంది. అంబలి ఎటూ పుల్లగానే ఉంటుంది, నాలుకకు తేడా తెలియదు.

"రోజూ పోస్తాండావా అత్తా?"

లక్ష్మీదేవమ్మ ముంత కింద పెట్టలేదు. "పోసినాను. బాలింతవు, చుక్క మజ్జిగ లేకుండా ఎన్నాళ్లుంటావు? ఇరవై ఏండ్లుగా ఈ ఊరి బిడ్డలంతా మా పాలు తాగే పెరిగినారు. నా మనవరాలికి పడవా? డెయిరీలో తెలిస్తే నా పాలెవరు పోయించుకుంటారు?"

"బిడ్డకు మళ్లా నెత్తురు పడతాండాది."

"అది నీ పాల దోషం. మాలూరు డాక్టరు మొదటే చెప్పినాడు."

మునీంద్ర మొహం కడుక్కుంటూ గుమ్మం బయట అంతా విన్నాడు. మునిలక్ష్మి అతని వైపు చూసింది. "అమ్మ కావాలని చేసిందా? ఇంత దానికి రచ్చ ఏల?" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజే మునిలక్ష్మి నడవలో మూడు ఇటుకలు పెట్టి తనకు వేరే వండుకుంది. ఒకే ఇంట్లో రెండో పొయ్యి. ఊళ్లో అది చిన్న సంగతి కాదు. అత్తాకోడళ్లు వేరు పడ్డారన్నారు. పాలమ్మ ఇంట్లో పాలు మానిన కోడలని నవ్వారు. రామక్క కూడా ఆ గుమ్మం తొక్కడం మానేసింది. అయినా రెండు పూటలా ఆవులను పిండడం మునిలక్ష్మికి తప్పలేదు. చేతులకు అంటిన పాలు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు పిల్లను ముట్టుకునేది. ప్రత్యేకమైన పొడి డబ్బా కోలారులోనే దొరికేది. మునీంద్ర రెండుసార్లు తెచ్చాడు, మూడోసారి స్టాకు లేదన్నాడు. మునిలక్ష్మి అంగడికి ఫోను చేస్తే ఉందన్నారు. ఆ విషయం మొగుడితో అనలేదు. పిల్లను ఇంకా ఎక్కువసార్లు రొమ్ముకు పెట్టుకుంది, అంతే.

పిల్ల కోలుకుంది. ఆరోనెల నుంచి రాగిసరి జావ, అరటిపండు, మెత్తగా ఉడికించిన గుమ్మడి తింది. వినుత చెప్పినట్టు మునిలక్ష్మి కొంచెం పెరుగు తిని చూస్తే రెండు రోజుల్లో పిల్లకు పొక్కులు వచ్చాయి, మళ్లీ మానేసింది. ఏడాది దాటాక డాక్టరమ్మ తన ఎదుటే పిల్లకు కొంచెం కొంచెంగా ఆవుపాలు పట్టించి చూసింది. ఏమీ కాలేదు. "చాలామంది పిల్లలకు ఇది వయసుతో పోతాది. నువ్వు గట్టిదానివమ్మా" అంది. ఆ ఒక్క మాటే మునిలక్ష్మి ఇంటికి తెచ్చుకుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

పిల్ల పాలు తాగగలదని తెలిసిన రోజు లక్ష్మీదేవమ్మ వెండిగిన్నెలో పాలు పోసి ఇరుగుపొరుగును పిలిచింది. మనవరాలు గటగటా తాగితే, "తల్లి పాలు పడక పోయేది ఈ బిడ్డ. నా ఆవు పాలే నిలబెట్టినాయి" అంది. అక్కడున్న వాళ్లలో రామక్క కూడా ఉంది. అవునవునంది. మునిలక్ష్మి నోరు తెరిచింది. మునీంద్ర కళ్లతో వద్దన్నాడు. ఊరుకుంది.

తాను కాదనకుండా వదిలేసిన అత్త మాటే ఇప్పుడు ఊళ్లో నిజం. రంజనికి నాలుగేళ్లు. పోయిన నెల అంగన్‌వాడీ నుంచి వచ్చి, తల్లి పక్కన కొట్టంలో చతికిలబడి అడిగింది.

"అమ్మా, నువ్వు నాకు పాలు ఇయ్యలేదంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"అవ్వ. నీకు పాలు లేకపోతే అవ్వే నన్ను పెంచిందంట."

మునిలక్ష్మి పొదుగు వదిలి పిల్ల వైపు తిరిగింది. "ఇచ్చినాను. నువ్వు రెండేండ్లు నా పాలే తాగినావు" అంది.

రంజని నమ్మనట్టు నవ్వి, "అవ్వను అడిగొస్తానుండు" అని ఇంట్లోకి పరుగెత్తింది. లోపలి నుంచి లక్ష్మీదేవమ్మ నవ్వు వినబడింది, ఆ వెంటనే పిల్ల నవ్వు. మునిలక్ష్మి లేచి పిల్ల వెనక వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పినా, ఆ ఇంట్లో తన మాట పక్కన నిలబడే మనిషి లేడని ఆమెకు నాలుగేళ్లుగా తెలుసు.