పత్తి బండిలో తమ్ముడి ఎడ్లు

మా చిన్నప్పుడు... పత్తి ఏరి తెచ్చిన దినం నుంచి మార్కెట్‌కు పోయేదాకా ఇల్లు మాది కాదు, పత్తిది. ఉన్నది ఒక్కటే అర్ర. దూలం దాకా పత్తి నింపితే వంట వాకిట్లోకి, పడక వసారాలోకి వచ్చేవి...

మా తమ్ముడు ఓదేలుకు అప్పుడప్పుడే నడక వచ్చింది. వాడికి ఆటసామాన్లు లేవని అనుకోకండి, చాలానే ఉండేవి. పొలాల అమావాస్యకు అవ్వ, అంటే మా అమ్మ, మొక్కిన మట్టి ఎడ్లు రెండు... పూజ అయినంక ఎడ్లు పిల్లలవే, మా దిక్కు అది రివాజు. నేను చేసిన జొన్నబెండు బండి. బాపు చెక్కిన కట్టె గిలక్కాయ.

అవన్నీ ఎక్కడ పెట్టాలి? ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ. వాడు ఎడ్లను పత్తి కుప్పలో పండబెట్టి పైన ఇంత పత్తి కప్పేవాడు... చలికాలం కదా.

ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. ఒకనాడు పొద్దున్నే బాపు పత్తిని బండికి ఎత్తాడు. నేను పైకెక్కి తొక్కాను. బాపు వెంట మార్కెట్‌కు పోయాను.

అక్కడ ఖరీదుదారు గుమస్తా పత్తి తడిగా ఉందేమో చూడటానికి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో మట్టి ఎద్దు.

"ఏందే మల్లయ్యా, తూకానికి మట్టి కలుపుడు ఎప్పటిసంది నేర్చినవ్?"

చుట్టూ బండ్లవాళ్ళందరూ చూస్తున్నారు. పత్తిలో మట్టి దొరికిందంటే ఆ రైతు పేరు పోయినట్టే. మళ్ళీ వాడి బండి వస్తే ప్రతివాడూ చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఆ పేరు కొడుకుల దాకా వస్తుంది. నేను బండి చాటుకు జరిగాను... బాపు మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"మట్టి గాదు, ఎద్దు. మా చిన్నోనిది. తూకం కోసమే అయితే గింత ఎద్దును వెడ్తనా? గా బండికి కట్టినదాన్నే పండవెడుదు గద."

ఎవరో నవ్వారు. గుమస్తా నవ్వలేదు.

"గియ్యన్ని నాకు చెప్పకు. లోపట ఇంకేమేం వెట్టినవో ఎవలకెరుక? రేటు కోస్త."

"ఇంకోటి ఉండాలె. జోడి అది. దొరుకుతలేదని నిన్నటిసంది పిల్లగాడు ఒకటే ఏడుపు. ఉండు, నేనే తీస్త."

బాపు అక్కడే, అందరి ముందర, బండెడు పత్తినీ కిందికి దించడం మొదలుపెట్టాడు. ఒక్కో పట్టెడు తీయడం, దులపడం, పక్కన వేయడం... రెండో ఎద్దు దొరికింది, కొమ్ము విరిగి. గిలక్కాయ దొరికింది. అన్నిటికన్నా అడుగున అవ్వ తెడ్డు దొరికింది.

బాపు దాన్ని చేతిలో తిప్పి చూశాడు. "గీ తెడ్డు తీస్కపోయిందనే మా ఇంటిది పక్కింటి సత్తెమ్మతోని మాటలు బందు వెట్టింది."

ఈసారి మార్కెట్ మొత్తం నవ్వింది. గుమస్తా కూడా నవ్వాడు.

"సరే తియ్యి మల్లయ్యా, తూకం వెట్టు."

"వెడ్త. నీకు గాదు."

పక్క ఖరీదుదారుకు అమ్మాడు. రేటు జర తక్కువే వచ్చింది. ఇంటికి వచ్చేదాకా ఎడ్లు రెండూ బాపు రుమాలులోనే ఉన్నాయి.

తెడ్డు దొరికిందని తెలిసి సత్తెమ్మ మా వాకిట్లోకి వచ్చింది. మాట పడ్డ మనిషి కదా, ఊరుకుంటుందా?

"నన్ను దొంగను జేస్తివి. నీ మొగన్ని వాళ్ళు దొంగను జేసిరి. గా పోరని సామాన్లు పొయ్యిల వెట్టరాదే? ఇజ్జత్ పోతుంది."

"నిన్ను అన్నది తప్పే అక్కా, కూసో, చాయ్ వెడ్త," అన్నది అవ్వ. "గని పత్తి సుట్టం లెక్క. వస్తది, పోతది. పిల్లగాడు ఇంటోడు. సుట్టం కోసం ఇంటోని సామాన్లు బయట వారేస్తమా?"

ఆ దినమే అవ్వ ఒక పాత చెద్దరు తీసి వసారాలో పరిచింది. వాడి సామాన్లన్నీ దాని మీద పోసింది. ఆడినంతసేపు అదే వాడి జాగ. పొద్దుగూకితే నాలుగు కొసలు కలిపి ముడి, గోడకొయ్యకు మూట. పత్తి ఎత్తే ముందు అవ్వ ఆ మూటను తడిమి చూసేది, ఎడ్లు రెండూ ఉన్నాయా అని. ముడి మాత్రం వాడే వేయాలి... పడకపోయినా వాడే వేయాలి.

ఇప్పుడు జమ్మికుంటలో కొడుకు దగ్గర ఉంటున్నాం. కిరాయి ఇల్లు, రెండు అర్రలు. మనుమడికి రెండేండ్లు. ట్రాక్టర్లు, జేసీబీలు, రంగు బిల్లలు... నేల కనబడదు. మొన్న కోడలి తరఫు చుట్టం ఒకామె వచ్చి గడపలోనే నిలబడింది.

"అయ్యో, పిల్లగాని ఆటలకు ఒక రూమన్న లేకపాయె. కాలు వెట్ట సందు లేదు."

కోడలు ముఖం చిన్నబోయింది. బొమ్మలను కాలితో మంచం కిందికి తోయబోయింది. నేను ఊరుకోలేదు.

"తొయ్యకు బిడ్డా. సిగ్గెందుకు?" అన్నాను. ఆమెకూ చెప్పాను... "గిది ఆటల రూమే చెల్లె. రాత్రయితే మేం గిందుల పండుకుంటున్నం, గంతే. జర సూస్కుంట రా."

ఆమె చూసుకుంటూనే వచ్చింది. వాడు ఆమె ఒళ్ళో ఒక జేసీబీ పెట్టాడు. పోయేదాకా అది అక్కడే ఉంది. కోడలు కూడా ఆమె ముందు ఇంకేమీ దాచలేదు.

ఇప్పుడు ఇండ్లు పెద్దవయ్యాయి. టీవీకి ఒక గోడ, చెప్పులకు ఒక అలమార, దేవునికి ఒక గది... మంచిదే, కట్టుకోండి. కానీ చుట్టం వస్తుందంటే ముందు పిల్లల వస్తువులే దాస్తున్నారు. మా ఒక్క అర్రలో ఆ సిగ్గు ఉండేది కాదు.

మీ ఆటసామాన్లు ఇంట్లో ఎక్కడ ఉండేవో కింద రాయండి... జాగ లేదని మాత్రం రాయకండి. నేను నమ్మను.