ఖాదర్ భాయ్ తెర మీది వంతెన

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను వాదించేవాణ్ణి కాదు. వాదించేంత విలువ వాటికి ఇవ్వలేదు. కొలిచి, లెక్కగట్టి, కాగితం మీద పెట్టడం నా వృత్తి. మస్కట్‌లో ఒక నిర్మాణ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్‌గా పనిచేశాను. ఎంత సిమెంటు వచ్చింది, ఎంత గోడ లేచింది, మధ్యలో ఎంత పోయింది అని చూడటమే నా డ్యూటీ. అటువంటి నేను ఈ సంగతి రాయవలసి వస్తుందనుకోలేదు.

నా భార్య సువార్త అక్కడే ఒక ఆస్పత్రిలో నర్సు. మాది ఘుబ్రాలో అద్దె ఫ్లాట్. 1989లో, మా పెళ్లిరోజున, ఫోటో దిగడానికి రూవీలోని ఖాదర్ భాయ్ స్టూడియోకు వెళ్లాం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు అది ఆనవాయితీ. మంచి బట్టలు వేసుకుని, స్టూడియోలో నచ్చిన తెర ముందు నిలబడి, ఆ ఫోటో ఇంటికి పంపడం. ఖాదర్ భాయ్ కడప మనిషి. ఆయన దగ్గర మక్కా తెర ఉండేది, తాజ్‌మహల్ తెర ఉండేది. మూడోది ఒక సరస్సు. దాని మీద పైకప్పున్న పొడవాటి చెక్క వంతెన, వంతెన పక్కన నీళ్లలోంచి లేచిన ఎనిమిది పలకల రాతి బురుజు, హంసలు, వెనక మంచు కొండలు.

"ఇది ఏ ఊరు భాయ్?" అని అడిగాను.

"స్విట్జర్లాండ్ సార్. ఊరు పేరు నాకూ తెల్దు. మేడమ్‌ను ఇంగొంచెం ఎడం పక్కకు జరగమనండి. వంతెన మింద నిలబడినట్టే ఉండాల. ఇంత డబ్బు పోసి గల్ఫుకొచ్చి గోడ ముందర నిలబడితే ఏం బాగుంటాది?"

ఫోటో నరసాపురం దగ్గర మా అత్తగారి ఊరికి చేరింది. ఆమె దాన్ని ఆదివారం మందిరానికి తీసుకువెళ్లింది. "మన సహోదరి సువార్తను స్విట్జర్లాండ్ దేశం వరకు నడిపించిన దేవునికి స్తోత్రం" అని పాస్టరుగారు ప్రార్థన చేశారు. సంఘమంతా హల్లెలూయా అంది. అత్తగారు ఆ సంగతి సంబరంగా రాస్తే నేను కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాను. సువార్త నవ్వలేదు.

"నిజం రాసెయ్యి, పోతుంది" అన్నాను.

"రాస్తే అమ్మ నలుగురిలో తలెత్తుకోగలదా? అలాగని మందిరంలో చెప్పిన స్తోత్రం అబద్ధంగా ఉండిపోకూడదు. మనం వెళ్లాలండీ."

"ఎక్కడికి?"

"ఆ వంతెన మీదికి."

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆస్పత్రిలో ఒక డాక్టరు సెలవులకు వెళ్లివస్తూ ఆ దేశపు పుస్తకాలు తెచ్చారని తెలిసి, ఆయన్ను అడిగి ఒక చిన్న ఇంగ్లిషు పుస్తకం పట్టుకొచ్చింది. అందులో తెర మీది వంతెన ఉంది. ఊరి పేరు లూసర్న్. ఆ ఊళ్లో చూడవలసిన స్థలాలు, పేజీకి ఒకటి చొప్పున, బొమ్మలతో సహా ఉన్నాయి. మిగతావి అక్కడికి వెళ్లాకే చూస్తానంటూ ఆమె వంతెన పేజీ దాటి తిప్పలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మరో సెలవు ప్రయాణం గురించి మాట రాలేదు.

1992 జనవరిలో సువార్త కుడికంటికి ఒక పక్క నుంచి చీకటి దిగడం మొదలైంది. కంటి వెనక పొర ఊడిందన్నారు. ఎడమ కన్ను అంతకు ముందే బలహీనం. ఆపరేషన్ చేసి, కనుగుడ్లు కదలకూడదని రెండు కళ్లకూ కట్టు కట్టి, బోర్లా పడుకోబెట్టారు. చూపు మిగులుతుందో లేదో కట్టు విప్పితే గాని చెప్పలేమన్నారు. నర్సు కాబట్టి ఆ మాటకు అర్థం ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"ఆ పుస్తకం తీసుకురండి. రోజుకో పేజీ చదవండి. చూపు వస్తే వెళ్లి చూస్తాను. రాకపోతే ఇదే చూడటం" అంది.

సైట్ నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లి, రోజూ నాలుగింటికి మొదలుపెట్టేవాణ్ణి. ఇంగ్లిషులో చదివి తెలుగులో విప్పి చెప్పేవాణ్ణి. వంతెన కప్పు కింద దూలాల మధ్య ముక్కోణపు పలకల మీద వేసిన పాత బొమ్మలు. ఒకప్పుడు ఖజానాగానూ చెరసాలగానూ వాడిన నీటి బురుజు. గోడల నిండా రంగుల బొమ్మలున్న ఇళ్ల మధ్య చిన్న చౌకులు. రెండు సూదిగోపురాల చర్చి. ఊరి వెనక కోటగోడ. దాని బురుజుల్లో ఒకదాని గడియారానికి, ఊళ్లోని గడియారాలన్నిటికంటే ఒక్క నిమిషం ముందు గంట కొట్టే హక్కు ఉందట.

"మన చీఫ్ సిస్టర్ లాంటిదన్నమాట" అంది తలగడలోంచి.

మొదట్లో వింటూ ఊకొట్టేది. తరువాత, "నెమ్మదిగా చదవండీ, నేనింకా వంతెన దాటలేదు" అనేది. ఒకరోజు, "ఇక్కడ ఎవరో పనసపిక్కలు కాలుస్తున్నారు. వాసన వస్తోంది" అంది. పేజీలో అటువంటిది ఏదీ లేదు. ఆస్పత్రి వంటగది వాసనై ఉంటుందనుకున్నాను.

నేను పట్టించుకోక తప్పనిది ఆమె పాదాలు. చదవడం ముగిసేసరికి మంచులో పెట్టి తీసినట్టు ఉండేవి. ఏసీ ఆపించినా అంతే. డ్యూటీ సిస్టర్ వచ్చి నాడి చూసి, ఒళ్లు తాకి, "అంతా నార్మలే, సార్. పాదాలు మాత్రం ఎందుకిలా?" అని తెల్లబోయింది. మర్నాడు ఇంటి నుంచి నా ఊలు సాక్సు తెచ్చి తొడిగాను.

"మడమ దగ్గర ఎర్రదారంతో కుట్టానే, అవేనా?" అంది.

"అవే."

"బూడిదరంగు మీద ఎర్రదారం. ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"ఇక్కడెవరు చూస్తారు?"

ఆఖరి పేజీ నేను చదవలేదు. కొండరాతిలో చెక్కిన పెద్ద సింహం అది. డొక్కలో ఈటె దిగి విరిగి, తల వాల్చి, చనిపోతోంది. పరాయి దేశంలో కొలువు చేస్తూ చనిపోయిన సైనికుల గుర్తుగా చెక్కారని కింద రాసి ఉంది. కళ్లకు కట్టుతో పడుకున్న మనిషికి, అందులోనూ పరాయి దేశంలో కొలువు చేసే మనిషికి, ఆ మాటలు వినిపించడానికి నోరు రాలేదు. పుస్తకం మూసి, "అయిపోయింది" అన్నాను. ఆ సింహం సంగతి ఆమెకు గాని, మరెవరికి గాని చెప్పలేదు. పుస్తకం ప్రయాణం రోజు దాకా నా ఆఫీసు సొరుగులోనే ఉండిపోయింది.

కట్టు విప్పాక ఎడమ కన్ను మసకగానే ఉంది. కుడికన్ను నిలిచింది. ఆమె మొదట అడిగిన మాట, "మరి ఎప్పుడు వెళదాం?"

దాదాపు ఐదేళ్లు పట్టింది. ఈలోగా, 1993లో, ఆ వంతెన చాలా భాగం కాలిపోయిందని పేపర్లో చదివి ఆమె అన్నం మానేసింది. తిరిగి కట్టారని తెలిశాక గాని స్థిమితపడలేదు. చివరికి 1996 నవంబరులో ఆ వంతెన మీద నిలబడ్డాం. బురుజు, హంసలు, కొండలు ఖాదర్ భాయ్ తెర మీద ఉన్నట్టే ఉన్నాయి. సువార్త కొత్త చెక్కను అరచేత్తో తడిమి, "ఇది ఇలా ఉండేది కాదు" అంది. ఫోటోలు చూసిన మనిషి ఎవరైనా ఆ మాట అనగలరు. అందుకే దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

వంతెన దిగినచోట ఒక ముసలామె బొగ్గుల మీద చెస్ట్‌నట్ కాయలు కాలుస్తోంది. అచ్చం పనసపిక్కల వాసన. సువార్తను చూడగానే ఆమె బొగ్గులు వదిలేసి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"కళ్లు బాగయ్యాయా?" అంది, ముక్కలు ముక్కలుగా ఇంగ్లిషులో.

పొరపాటు పడ్డారన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వంతెన కాలకముందు ఒక చలికాలంలో ఈమె రోజూ వచ్చేదట. కళ్లకు తెల్లటి కట్టు. ఎవరో చదువుతుంటే వింటున్నట్టు తల పక్కకు వంచి, ఆగి ఆగి నడిచేదట. మొదట మంచులో ఉత్తకాళ్లతో వచ్చిందట. తరువాత మగవాళ్ల సాక్సు వేసుకుందట. "బూడిదరంగువి. ఇక్కడ ఎర్రదారం" అని తన మడమ చూపించింది.

ఏ వేళకు వచ్చేదని అడిగాను. మధ్యాహ్నం ఒంటిగంటకట. మస్కట్‌కూ ఆ ఊరికీ చలికాలంలో మూడు గంటల తేడా. ఆ కూడిక చేయడానికి నాకు కాగితం అక్కరలేదు.

"ఆఖరి రోజున వేడి కాయలు చేతిలో పెట్టాను" అంది ముసలామె. "సింహాన్ని చూశావా, అందరూ చూస్తారు, అని అడిగాను. నువ్వేమన్నావో గుర్తుందా? అది నాకు చదివి వినిపించలేదు అన్నావు."

సువార్త నా వైపు తిరిగింది. "ఏ సింహం?"

ఆమె ముఖంలో గుర్తుపట్టిన జాడ నిజంగానే లేదు. దారి అడిగి అక్కడికి తీసుకువెళ్లాను. చిన్న మడుగు వెనక, రాతిలో సింహం పడుకుని ఉంది. ఆమె ఎడమ కన్ను మూసుకుని, కుడికంటితో చాలాసేపు చూసింది. తరువాత, "చదవండి" అంది. సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. చదువుతున్నంతసేపూ ఆమె చెయ్యి వెచ్చగానే ఉంది.

అటు తరువాత నేను వేయగలిగిన లెక్కలన్నీ వేశాను. కళ్లకు కట్టుతో మరో భారతీయురాలు ఆ ఊళ్లో ఉండవచ్చు. ఎర్రదారం కుట్టిన సాక్సు మరొకరికి ఉండవచ్చు. సింహం దగ్గర నా లెక్క ఆగిపోతుంది. నేను ఒక పేజీ వదిలేశానని నాకు తప్ప ఎవరికీ తెలియదు. సువార్తకు కట్టు ఉన్న రోజుల్లోవి నా గొంతు, వాసన, చలి తప్ప మరేదీ గుర్తు లేదు.

ఆ సాయంత్రం హోటల్ గదిలో ఆమె వాళ్ల అమ్మకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. కలం పట్టుకుని నన్ను అడిగింది:

"ఏమని రాయమంటారు? ఇప్పుడు వచ్చామనా, మళ్లీ వచ్చామనా?"

తప్పొప్పులు చూడకుండా నా చేతి మీదుగా ఏ కాగితమూ దాటలేదని మా కంపెనీలో పేరు. ఆ ఉత్తరాన్ని మాత్రం చదవకుండానే అంటించి పోస్టులో వేశాను.