లాల్‌దర్వాజా మందుల రిజిస్టర్‌లో లేని పేరు

మంగళవారం ఉదయం పదకొండూ పదికి తెలిసింది: సరిత టీబీ మాత్రలు మానేసి పన్నెండు రోజులైంది. ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకున్న ఆమె ప్రభుత్వ లెక్కలో లేదు. అందుకే ఎవరూ వెతకలేదు. సరిత అసలు పేరు కాదు.

టీబీ ఎందరికుందని అడిగితే నమోదైనవారి సంఖ్య చెబుతారు. ప్రైవేటులో మందు వాడేవారంతా అందులోకి రారు. వారిని అంచనా వేసే దారుల్లో ఒకటి మందుల అమ్మకం: ఎన్ని నెలలకు సరిపడా మాత్రలు అమ్ముడయ్యాయో చూసి, ఎందరు వాడి ఉంటారో లెక్కకట్టడం. ఆ పని చూద్దామని బయలుదేరాను. మలక్‌పేట మెట్రో దగ్గర పదింటికి ఆటో ఎక్కాను. నూట నలభై అన్నాడు డ్రైవర్. లాల్‌దర్వాజా మహంకాళి గుడి దగ్గరే దింపేశాడు. “లోపటికి రాను భాయ్. గల్లీల ఇరుక్కుంటె రివర్సు గూడ రాదు.”

టీబీ కార్యక్రమంలో పనిచేసే యాదగిరి అక్కడే బండి మీద ఉన్నాడు. ఇద్దరం మందుల షాపులు తిరిగాం. మూడోది ఒక పెద్దాయనది. గల్లీ అంతా సేఠ్ అంటారు. టీబీ మందు కొన్నవారి పేరు రాసే రిజిస్టర్‌లో యాదగిరి వేలు ఒకచోట ఆగింది.

“ఈ వెంకటేశ్ రెండు నెలలు తీస్కున్నడు. మల్ల రాలే. ఏడవోయిండు సేఠ్?”

“గాయినకేం రోగం? భార్యకు. తన పేరు రాయొద్దని మొక్కింది.”

“గట్లెట్ల రాస్తవ్?”

“రాయకుంటె నువ్వు లొల్లి జేస్తవ్, రాస్తె గామె. మధ్యల నేను!”

సేఠ్ ఫోన్ చేసి, వస్తావా అని ఆమెనే అడిగాడు. పది నిమిషాల్లో సరిత వచ్చింది. జాకెట్లు కుడుతుంది, మెడలో కొలత టేపు అలాగే ఉంది. విలేకరినని చెప్పి, ఉండనా అని అడిగాను. “ఉండుండ్రి. పేరు మాత్రం రాయకుండ్రి,” అంది.

“దగ్గు పోయింది అన్నా, ఇంకెందుకని ఆపిన,” అని యాదగిరితో చెప్పింది. “గా గోలీలేస్కుంటె కడుపుల తిప్పుతది.”

“దగ్గు పోయింది చెల్లే, బీమారి పోలే. ఆరు నెలలన్న మింగాలె. మధ్యల ఆపితే మల్లొస్తది, మందుకు గూడ లొంగదు.”

“మా ఓనరమ్మకు తెలిస్తె రూం ఖాళీ చెయ్యమంటది. బిడ్డను పట్టుకొని యాడికి పోవాలె?”

“ఇంటికి రాను. ఈడ్నే కలుస్త. నీ డాక్టరే చూస్తడు, గోలీలు సర్కారు ఫ్రీగ ఇస్తది. బిడ్డకు గూడ పరీక్ష చేయించాలె.”

బిడ్డ మాట రాగానే ఆమె టేపును వేలికి చుట్టుకోసాగింది.

“ఏందిరా, నా దుకాణం దవాఖాన జేస్తివి?” అని సేఠ్ విసుక్కున్నాడు. వెంటనే సరిత వైపు తిరిగాడు. “ఎవరన్న అడిగితే, మా కోడలి జాకెట్ కొలతలకొచ్చిన అను.”

ఆమె నవ్వింది. “మీ కోడలు ఊర్లనే లేదు గదా!” తర్వాత యాదగిరి బయటికి తీసిన నమోదు ఫారం వైపు చూసింది. “నా పేరే రాయన్నా.”

బయటికి వచ్చాక లెక్క గురించి ఆలోచించాను. ఒకరు ఆరు నెలలు పూర్తిచేసినా, ముగ్గురు రెండేసి నెలలకే మానేసినా అమ్ముడయ్యేవి ఆరు నెలల మాత్రలే. అంచనా అవసరమే, అది లేకపోతే ఈ గల్లీలోకి ఎవరూ రారు. కానీ మానేసినవారెవరో అది చెప్పదు. రిజిస్టర్ కూడా చెప్పలేదు. సేఠ్ చెప్పాడు.

ఇలాంటి పనికి వెళ్లేవారు పదకొండులోపు వెళ్లండి, తర్వాత షాపుల ముందు జనం పెరుగుతారు. కెమెరా సంచిలోనే ఉంచండి.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు సరిత షాపు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి యాదగిరితో వెళ్తుంది: ఆమెకు కఫం పరీక్ష, ఆమె కూతురికి మొదటి పరీక్ష.